బజారు ఎవరిది?

1

ఊరి నడిబజారును బాగుచేయాలనే మాట ఇటీవల చిన్న పట్టణాలన్నిటిలోనూ వినవస్తున్నది. మా బాన్సువాడలోనూ అంతే. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు రెవిన్యూ డివిజను కేంద్రమైంది; 2018లో పురపాలక సంఘమైంది. ఊరి హోదా పెరిగింది గాని, దుకాణంలో బేరం పెరగలేదని వర్తకులు వాపోతున్నారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినవి. మరుసటి జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోనులో వేలు నొక్కితే చీర ఇంటికి వస్తున్నది. కాబట్టి వారి ఆందోళన నిరాధారమని ఎవరూ అనలేరు.

ఒక సాయంకాలం కొందరు దుకాణదారులు ఈ సంగతే మాట్లాడుకుంటుండగా నేనూ పక్కన కూర్చుని విన్నాను. బజారు కోసం గట్టి సంఘం ఒకటి పెట్టాలన్నారు. రోడ్డు, దీపాలు, మురుగుకాలువ, బండ్లు నిలుపుకొనే జాగా, దుకాణాల ముందు ఒకే తీరు బోర్డులు - అన్నీ చర్చకు వచ్చినవి. “సంఘంలో ఎవరెవరుంటారు సేఠ్?” అని అడిగాను. “ఇంకెవరు సార్, దుకాణం ఉన్నోళ్లు” అన్నారు. మూటలు మోసే హమాలీ, గంప దించుకొని కూరగాయలమ్మే ఆడమనిషి, దుకాణంలో పొద్దస్తమానం నిలబడి బట్టలు విప్పి చూపే గుమాస్తా కుర్రవాడు, పల్లె నుండి వచ్చి కొనుక్కొని పోయే రైతు - వీరి ఊసు రాలేదు. ఇందులో దుర్బుద్ధి ఉందని నేననను. వర్తక సంఘమంటే దుకాణాల సంఘమే అనే అలవాటు వారి చేత ఆ మాట అనిపించింది.

ఈ అలవాటు ఎప్పటిది? తెలంగాణంలో వర్తక సంఘం మొదట పుట్టినప్పుడు దాని స్వభావం ఇదేనా? నడిబజారును బాగుచేయడానికి ఇంతకు పూర్వం జరిగిన ప్రయత్నాలు ఎవరిని బాగుచేసినవి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం పని.

2

వర్తకులు సంఘాలుగా ఏర్పడటం మన దేశంలో కొత్త విషయం కాదు. కాకతీయుల కాలపు శాసనాలలో ‘నకరము’ అనే మాట కనిపిస్తుంది. ఒక పట్టణంలోని వర్తకుల సమూహానికి ఆ పేరు. ‘అయ్యావళి ఐనూర్వురు’, ‘పెక్కండ్రు’ అనే పేర్లతో దేశదేశాలు తిరిగే బేహారుల శ్రేణులు కూడ ఉండేవి. వీరు తమ సరకులపై తామే కొంత రుసుము విధించుకొని దేవాలయాలకు సమర్పించినట్లు శాసనాలు చెబుతున్నవి. రాజు వీరిని గౌరవించేవాడు, అవసరమైనప్పుడు పిండుకొనేవాడు. 1244-45లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఈ రెండో సంగతికి సాక్ష్యం. అంతకుముందు గాలివానకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరకును రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, సరకు విలువలో ముప్పైకి ఒక వంతు మాత్రమే సుంకంగా తీసుకొంటామని ప్రకటించాడు. దానిని అభయశాసనమన్నారు. ఆ పేరును గమనించాలి. వర్తకుడు రాజ్యం నుండి కోరింది సరకుకు ధర కాదు, ప్రాణానికి రక్షణ కూడ కాదు. రాజోద్యోగుల నుండి అభయం.

ఆరున్నర శతాబ్దాలకు పైగా గడచిన తరువాత కూడ తెలంగాణపు వర్తకునికి ఈ అభయమే కావలసి వచ్చింది. నైజాము రాజ్యంలో ఉద్యోగులు దౌరాకు బయలుదేరితే పల్లెకు ఏమి గతి పట్టేదో పెద్దల నోట మనం విన్నాము. తహసీలుదారు, పోలీసు అమీను, అటవీ ఉద్యోగి, కరోడ్‌గిరీవారు - ఎవరు వచ్చినా చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ తమ పనులు మానుకొని వెట్టికి పోవాలి. ఊరి కోమటి బియ్యం, పప్పు, నెయ్యి, బెల్లం విడిదికి పంపాలి. ఉద్యోగి చెప్పినదే ధర. అది కూడ చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. సరకు లేదంటే తిట్లు, దెబ్బలు. వెట్టి అనగానే మనకు పాలేరు, చాకలి గుర్తుకు వస్తారు. దుకాణదారు గుర్తుకు రాడు. కాని ఆనాటి రాజ్యపు దృష్టిలో గల్లా ముందు కూర్చున్నవాడు కూడ పెట్టవలసినవాడే.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలలో సంఘ సంస్కార మహాసభ జరిగింది. మహర్షి కార్వే దానికి అధ్యక్షులు. ఆ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వేంకటరామారావును కొందరు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టిన కథ అందరికీ తెలిసినదే. అయితే ఈ కథను భాషాభిమానపు కథగా చెప్పి ఊరుకోవడం మన పాఠ్యపుస్తకాలకు అలవాటైంది. ఆ సంఘం పుట్టిన తరువాత పట్టుకొన్న మొదటి పనులలో ఒకటి వర్తకుల బాధ అనే సంగతి మరుగున పడింది. మాడపాటి హనుమంతరావుగారు ‘వర్తక స్వాతంత్ర్యము’ అనే చిన్న పుస్తకం ప్రకటించారు. ‘వెట్టిచాకిరి’ని గూర్చి మరొకటి వెలువడింది. ఉద్యోగులు సాగిస్తున్న ఈ దోపిడి ప్రభుత్వపు గస్తీలకే విరుద్ధమని ఆ సంఘం చూపించింది. గస్తీలు ఉర్దూలో ఉండేవి. అవి దఫ్తరు దాటి ఊరికి వచ్చేవి కావు. వాటి సారం తెలుగులో అచ్చయి దుకాణం గల్లా దగ్గరికి చేరింది. దౌరాకు వచ్చిన ఉద్యోగికి “ఇది మీ సర్కారు ఆజ్ఞే” అని చూపగల కాగితం మొదటిసారి వర్తకుని చేతిలో పడింది. తెలంగాణంలో అక్కడక్కడ వర్తక సంఘాలు ఏర్పడి, ఉచితంగా సరకు ఇవ్వబోమని చెప్పడానికి సాహసించినవి.

ఈ ఉద్యమంలో రెండు విశేషాలున్నవి. మొదటిది, అది భాషకూ బతుకుకూ గల సంబంధాన్ని బయటపెట్టింది. తెలుగులో చదువుకోవడం సాంస్కృతిక విలాసం కాదనీ, తన హక్కు తాను తెలుసుకొనడానికి సాధనమనీ ఆ చిన్న పుస్తకాలు రుజువు చేసినవి. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసినది రెసిడెన్సీ బజారు ప్రాంతంలోనే కావడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. బ్రిటిషు రెసిడెంటు అధికారం చెల్లే ఆ బజారులో నైజాము పోలీసు నీడ కొంత పలుచన. వర్తకునికి ఊపిరాడిన చోటనే గ్రంథాలయానికీ ఊపిరాడింది.

రెండవది మరింత ముఖ్యం. ఆనాటి వర్తక ఉద్యమం వర్తకుని బాధను వెట్టివాని బాధ నుండి విడదీయలేదు. ఒకే సంఘం రెంటినీ పట్టుకొన్నది. ఒకే దౌరా ఇద్దరినీ పీడించేది గనుక అలా పట్టుకోక తప్పలేదు. నేటి దుకాణాల సంఘానికీ ఆనాటి వర్తక సంఘానికీ తేడా ఇక్కడే ఉన్నది. ఆనాటి సంఘం దుకాణం గడప దాటి మాట్లాడింది. అందుచేతనే దాని మాటకు బలం వచ్చింది.

3

అయితే మనం చరిత్రకు పూలదండ వేసి కూర్చుంటే సరిపోదు. ఆ వర్తకుని వర్గ స్వభావాన్ని కూడ చూడాలి. ఉద్యోగి ముందు చేతులు కట్టుకొన్న ఆ సాహుకారే రైతు ముందు కాలు మీద కాలు వేసుకొన్నాడు. విత్తనాల వేళ ఇచ్చిన గింజలకు పంట చేతికి రాగానే అదనంగా గింజలు కొలిపించుకొనే నాగు పద్ధతి తెలంగాణమంతటా ఉండేది. గస్తీ చదివి స్వాతంత్ర్యం తెలుసుకొన్నవాడు తన ఖాతా పుస్తకాన్ని మాత్రం రైతు చేత చదివించలేదు.

కాబట్టి ఉద్యమం ముందుకు సాగిన కొద్దీ వర్తకుడు కూడలిలో నిలబడ్డాడు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ 1937లో అప్పటి మా జిల్లా కేంద్రమైన నిజామాబాదులో సమావేశమైంది. అప్పటికింకా విజ్ఞాపనల కాలమే. 1944లో భువనగిరి సభ నాటికి పరిస్థితి మారిపోయింది. కౌలు, బేదఖలు, యుద్ధకాలపు లెవీ ధాన్యం ముందుకు వచ్చినవి. ఉద్యోగి అక్రమాన్ని ప్రశ్నించినంత కాలం వెంట నడిచిన వర్తకులలో పలువురు, అప్పునూ గింజల వడ్డీనీ కూడ ప్రశ్నించేసరికి వెనుకకు జరిగారు. కొందరు మాత్రం జరగలేదు. అటువంటివారి ఇళ్లే ఎన్నో ఊళ్లలో కార్యకర్తలకు అన్నం పెట్టినవి.

చిన్న వర్తకుడు రెండు ముఖాల మనిషి. పైవాడు తొక్కితే కిందివానితో కలుస్తాడు. పైవాని కాలు కాస్త ఎత్తితే తానే తొక్కడానికి చూస్తాడు. అతనిని శత్రువుగా తోసివేయడం ఎంత తప్పో, అతని సంఘం దానంతటదే ప్రజాసంఘమవుతుందని భ్రమపడటమూ అంతే తప్పు.

4

ఇక బజారు ఎట్లా బతుకుతుందో చూద్దాం. నడిబజారు కళకళలాడటానికి కారణం దుకాణదారు తెలివితేటలేనని సామాన్యంగా అనుకుంటారు. మా ప్రాంతపు చరిత్ర వేరొక సంగతి చెబుతున్నది.

1900 ప్రాంతంలో హైదరాబాదు నుండి మన్మాడు వైపు రైలుమార్గం పడింది. కామారెడ్డి, నిజామాబాదు ఆ దారిలో ఉన్నవి. అక్కడ గంజులు లేచినవి. బాన్సువాడకు రైలు రాలేదు, నేటికీ లేదు. మాకు వచ్చింది నీరు. 1923లో మంజీర నది మీద నిజాంసాగర్ కట్టడం ప్రారంభించారు. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. 1931 నాటికి పని పూర్తయింది. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా తడపాలనే సంకల్పంతో కాలువలు తవ్వారు. మెట్టచేలలో వరి, చెరకు పండినవి. కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకొన్నారు. 1937లో బోధనులో చక్కెర కర్మాగారం వెలసింది. చెరకు డబ్బు చేతికి వచ్చిన రైతు బట్టల దుకాణానికి వెళ్లాడు, కంసాలి దగ్గరికి వెళ్లాడు, పిల్లవానికి పలక కొన్నాడు. బజారు లేచింది. దానిని లేపినది కాలువ.

అదే తర్కం వెనుకకూ నడుస్తుంది. మొదట 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టిన నిజాంసాగర్‌ను ఒండ్రు పూడ్చింది. కట్ట ఎత్తు పెంచిన తరువాత కూడ దాని సామర్థ్యం 17.8 టి.ఎం.సి.లే. ఎగువన సింగూరు కట్టి మంజీర నీటిని రాజధాని దాహానికి మళ్లించారు. బోధను కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కాలువకు నీరు తగ్గిన ఏడు, చెరకు బండి కదలని ఏడు నడిబజారులో ఎన్ని రంగుదీపాలు వెలిగించినా బేరం ఎక్కడి నుండి వస్తుంది?

ధాన్యపు బేరం సంగతి మరొకటి. పూర్వం రైతు సరకు అడ్తిదారు దుకాణానికి వచ్చేది. కడ్తా, ధర్మం, హమాలీ, దడ్వాయి అంటూ ఎన్నో పేర్లతో కోతలు పడేవి. ఈ దోపిడిని అదుపు చేయడానికి బేరారులో 1897లోనే మార్కెట్ల చట్టం వచ్చింది. వ్యవసాయంపై వేసిన రాయల్ కమిషను 1928లో ఇటువంటి క్రమబద్ధమైన మార్కెట్లు దేశమంతటా కావాలన్నది. హైదరాబాదు రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం చేశారు. తూకానికి లెక్క, బేరానికి తక్‌పట్టీ, సంఘంలో రైతు ప్రతినిధికి చోటు - ఇవి కాగితం మీదనైనా వచ్చినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లో కొత్త చట్టం దాని స్థానం తీసుకొన్నది. నేడు వరి చాలవరకు సహకార సంఘాలూ మహిళా సంఘాలూ నడిపే కొనుగోలు కేంద్రాల ద్వారా మిల్లుకు పోతున్నది. అడ్తి దుకాణం బక్కచిక్కింది. కాని కోత పోలేదు. కడ్తా పోయి ‘తరుగు’ వచ్చింది. బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీస్తున్నారని రైతులు ప్రతి పంటకూ రోడ్డెక్కడం మనం చూస్తూనే ఉన్నాము. తరుగులో పోయిన ప్రతి కిలో నడిబజారుకు రాకుండా పోయిన రూపాయలే గదా! దుకాణదారుల సంఘం తరుగును గూర్చి ఒక్క తీర్మానమైనా చేయాలని ఆ సాయంకాలం ఎవరికీ తోచలేదు.

5

బజారును బాగుచేసే ప్రయత్నాలు మన రాజధానిలో వందేళ్లకు పైగా సాగుతున్నవి. చిన్న ఊళ్లు వాటినే ఆదర్శంగా తీసుకొంటాయి గనుక వాటి ఫలితాలను మనం పరిశీలించాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచింది. తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పు రోడ్లు వేసింది. రాతి కమానులతో పత్తర్‌గట్టీ దుకాణాలు లేచినవి. 1935లో మొజంజాహీ మార్కెట్టు వచ్చింది. ఇవి అందమైన కట్టడాలు. అందులో సందేహం లేదు. మొజంజాహీ మార్కెట్టు శిథిలమైతే 2018లో పునరుద్ధరణ మొదలుపెట్టి 2020 ఆగస్టులో పూర్తిచేశారు. రాతి గోడల మీది మసి పోయింది, గడియార స్తంభం మెరిసింది. సంతోషమే. కాని ఆ మార్కెట్టుకు ప్రాణంగా ఉండిన పండ్ల బేరం 1980లలోనే కొత్తపేటకు తరలిపోయింది. బత్తాయి బండి తోలుకొచ్చే రైతు తిరిగి ఆ ఆవరణలోకి రాలేదు. చూడవచ్చేవారు పెరిగారు.

చార్మినారు చుట్టూ వాహనాలు నిలిపివేసి కాలినడకకు వదిలే పథకం 1990లలో రూపొంది, రెండు దశాబ్దాలకు పైగా సాగింది. అక్కడ తోపుడుబండ్ల వారిని ఏమి చేయాలన్న ప్రశ్న ప్రతిసారీ చివరన వచ్చింది. ప్రతిసారీ మొదట వేటు పడింది వారి మీదనే. దాని పక్కనే లాడ్‌బజారు. అక్కడ అమ్మే హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు పొందిన గాజును చేసే మనిషి నిప్పుల కుంపటి ముందు వంగి కూర్చుంటాడు. బజారు సుందరీకరణ పటంలో ఆ కుంపటికి గది గీసినవారు అరుదు.

సుల్తాన్‌బజారు కథ మరో పాఠం. పూర్వపు రెసిడెన్సీ బజారే 1933లో నైజాముకు తిరిగి దక్కి ఈ పేరు పొందింది. మెట్రోరైలు మార్గం తమ ఇరుకు వీధి మీదుగా పోతుందని తెలిసి అక్కడి వర్తకులు ఏండ్ల తరబడి ఆందోళన చేశారు. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం మార్గం మార్చే మాట ఎత్తింది. చివరకు మొదటి మార్గంలోనే స్తంభాలు లేచి, 2020 ఫిబ్రవరి 7న ఆ దారిన రైళ్లు ప్రారంభమైనవి. ఒక వీధి వర్తకులు ఒంటరిగా పోరాడితే ఎంతవరకు పోగలరో ఇది చూపుతుంది. 1920లలో వారి తాతలు ఒంటరిగా పోరాడలేదు.

పాశ్చాత్య దేశాలలో జరిగింది కూడ ఇటువంటిదే. కెనడాలోని టొరంటో నగరంలో 1966లో కొత్త భూగర్భ రైలుమార్గం ఒకటి వచ్చింది. వీధిలో ట్రాము దిగి కొనుక్కొని పోయేవారు భూమి కిందికి పోయారు. కొత్త షాపింగు మాళ్లు మిగిలినవారిని లాగుకొన్నవి. బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే పేట వర్తకులు ఏకమై ఒక చట్టం తెచ్చుకొన్నారు. పేటలోని వర్తకులందరి నుండీ పురపాలక సంఘం ద్వారా ప్రత్యేక రుసుము వసూలు చేసి ఆ పేట బాగుకే ఖర్చు పెట్టడం దాని సారం. 1970లో ఏర్పడిన ఆ సంఘం ప్రపంచంలో అటువంటి వాటికి మొదటిదంటారు. తరువాత ఈ పద్ధతి అమెరికాకూ ఇతర దేశాలకూ పాకింది. ఇందులో మెచ్చదగినది ఉన్నది: ఒకరు ఖర్చు పెడితే పదిమంది ఊరకే అనుభవించే జబ్బుకు అది మందు. కాని అక్కడ కూడ ఓటు సాధారణంగా స్థలం ఉన్నవానిదీ దుకాణం ఉన్నవానిదీ. పేట బాగుపడి అద్దెలు పెరిగితే మొదట ఖాళీ చేసేది అద్దె దుకాణపు చిన్నవాడే. స్థలం స్వంతదారుకు లాభం, అద్దెదారుకు బెంగ - ఒకే సంఘంలో ఈ రెండు ప్రయోజనాలు ఒకే కుర్చీలో కూర్చోలేవు.

6

ఇన్ని సంగతుల నుండి తేలేది ఏమిటి? బజారు బాగు అనే మాట వర్గాతీతమైనది కాదు. ఎవరి సంఘం పూనుకొన్నదో వారి బాగే జరుగుతుంది. కాబట్టి బోర్డుల రంగును నిర్ణయించే ముందు సభ్యత్వాన్ని నిర్ణయించుకోవాలి.

ఇది గాలిలోని ఆదర్శం కాదు. చట్టం కొంత దారి చూపుతున్నది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వర్తక సంఘంలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వర్తకుల ప్రతినిధులుండాలి. వారిలో మూడవ వంతు స్త్రీలు కావాలి. దుకాణదారుల సంఘాలకు కూడ అందులో చోటు ఉన్నది. సర్వే పూర్తయ్యే దాకా ఎవరినీ తొలగించరాదు. గంప ముందు కూర్చున్న స్త్రీ, గల్లా ముందు కూర్చున్న సేఠు ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఏర్పాటు ఇది. హమాలీల విషయంలో మన పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్ర 1969లోనే మాథాడీ చట్టం చేసింది. మూట మోసేవాని కూలి, సెలవు, భవిష్యనిధి ఒక బోర్డు ద్వారా నడిచే పద్ధతి అక్కడ వచ్చింది. మాకు సరిహద్దు దగ్గర. మూటలు ఆ సరిహద్దును రోజూ దాటుతున్నవి. ఆ హక్కు మాత్రం దాటలేదు.

వర్తకులు దీనికి ఒప్పుకొంటారా అని మిత్రులు సందేహించవచ్చు. ఒప్పుకోవలసిన పరిస్థితి వస్తున్నదని నేననుకుంటాను. 2012లో చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడికి తలుపు తెరచిన నాడు దేశమంతటా చిన్న దుకాణదారులు అంగళ్లు మూసి నిరసన తెలిపారు. నేడు వారి ఎదుట నిలిచినది తహసీలుదారు దౌరా కాదు. ముఖం కూడ కనిపించని మహా పెట్టుబడి. దానికి విడిది లేదు, గుర్రం లేదు. ధర మాత్రం అదే నిర్ణయిస్తున్నది. దీనిని దుకాణదారు ఒంటరిగా ఎదుర్కోలేడు. కాలువ నీటి కోసం, బోధను కర్మాగారం కోసం, తరుగు లేని తూకం కోసం రైతుతో కలిసి గొంతెత్తినప్పుడే అతని దుకాణానికి గిరాకీ ఉంటుంది. హమాలీకీ గుమాస్తాకూ న్యాయమైన కూలి ఇస్తేనే ఆ కూలి తిరిగి అతని గల్లాలోకి వస్తుంది.

ఈ పనిలో విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ పాత్ర ఉన్నది. 1920లలో గస్తీని తెలుగు చేసి దుకాణం దాకా చేర్చినవారు చదువుకొన్నవారే. 2014 చట్టాన్ని తెలుగులో నాలుగు పుటల్లో వ్రాసి గంపల వరుస దగ్గర చదివి వినిపించడానికి నేడు ఏ ప్రభుత్వపు అనుమతీ అక్కరలేదు. మా కళాశాలలో బజారు నుండి వచ్చిన పిల్లలున్నారు. హమాలీల బిడ్డలూ, సేఠుల బిడ్డలూ ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. ఆ పని వారితోనే మొదలుపెట్టాలని నా ఉద్దేశం.

వచ్చేసారి నడిబజారులో ఆ సంఘం మాట వచ్చినప్పుడు నా ప్రశ్న మళ్లీ వేస్తాను. ఆ ప్రశ్న నేనొక్కడినే వేయకుండా ఉంటే మరీ మంచిది.